సంతకం లేని అరవై ఏడు

ఆ మైదానంలో చీకటి పడ్డాక ఎటు పోయినా ఫర్వాలేదు గానీ, లెక్కల గది వైపు మాత్రం పోకూడదని అందరికీ తెలుసు.

పగటి పూట చూస్తే, దీనికా ఇంత భయం అని నవ్వొస్తుంది. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. పైన రేకులు. ఒక తలుపు, ఒక కిటికీ. లోపల నేలకి బిగించిన బల్ల, దానికి అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. నలుగురు నిలబడితే అయిదో మనిషి తుమ్మడానికి కూడా చోటుండదు.

కానీ రాత్రయితే... ఆ గదిలో ఎవరో లెక్క పెడతారు.

డబ్బు లెక్క కాదు. ఉత్త అంకెలు. "నాలుగు... నాలుగు... మూడు..." అని తీరిగ్గా మొదలవుతుంది. మొత్తం పద్దెనిమిది అంకెలు. ఆఖర్న కూడిక. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ ఉండదు — బడిలో ఎవరినో నిలబెట్టి జవాబు కోసం చూస్తున్నట్టు. జవాబు రాదు. మళ్ళీ మొదటి నుంచి...

విన్నవాళ్ళెవరూ రెండోసారి వినడానికి ఆగలేదు. ఒక కాపలాదారు అయితే టార్చిలైటు అక్కడే పారేసి పరుగు లంకించుకున్నాడు. గడ్డికి నీళ్ళు పెట్టే ఒకావిడ, ధైర్యం గల మనిషే, తలుపు దాకా వెళ్ళి "ఎవరది?" అందట. లోపల లెక్క ఠక్కున ఆగింది. ఆవిడ ఆ తర్వాత నెల్లాళ్ళు మంచం దిగలేదు.

ఇది ఇరవై ఒక్క ఏళ్ళుగా సాగుతున్న వ్యవహారం.

ఇప్పుడది గోల్ఫ్ మైదానం కాదు. ఇళ్ళు కట్టడానికి అమ్మేశారు. పచ్చికంతా చెక్కేశారు, ఇసక గుంటలు పూడ్చేశారు, క్లబ్బు భవనం కూల్చి ఇటుకలు కూడా తోలుకుపోయారు. అన్నీ పోయాయి గానీ లెక్కల గది మాత్రం పోలేదు. దాన్ని కూల్చడానికి వెళ్ళిన మొదటి ప్రొక్లెయినర్‌కి గది ఇంకా పదడుగుల దూరంలో ఉండగానే ఆయిల్ పైపు పగిలింది. రెండో ఆపరేటరుకి చలిజ్వరం పట్టుకుంది. మూడోవాడు కథంతా విని, సగం తాగిన టీ గ్లాసు కింద పెట్టి, ఇప్పుడే వస్తానని వెళ్ళి ఇంతవరకూ రాలేదు.

నాలుగోవాడు మాత్రం తనంతట తనే అడిగి వచ్చాడు. "ఆ గది పని నాకివ్వండి" అన్నాడట కాంట్రాక్టరుతో.

మనిషి పొట్టి. నలభై ఏడేళ్ళుంటాయి. నెరిసిన గడ్డం, కాస్త బొజ్జ. మాట తక్కువ. ఒక చోట కుదురుగా కూర్చునే రకం కాదు. వచ్చిన దగ్గర్నుంచీ కాలు కాలిన పిల్లిలా మైదానమంతా తిరుగుతూనే ఉన్నాడు.

సాయంత్రం పని ఆగాక, ఆఫీసుగా వాడుకునే ఇనప డబ్బా గదిలో ముగ్గురు మిగిలారు — మేస్త్రి, వెల్డరు, ఈ ఆపరేటరు. పొద్దున్నే ఆరింటికి కూల్చడం. ఫ్లాస్కులో ఉన్న టీ మూడు గ్లాసుల్లోకి పంచుతూ మేస్త్రి గొంతు తగ్గించాడు.

"అన్నా... నీకు చెప్పకపోతే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది. అది మామూలు గది కాదు."

"విన్నాను."

"ఏం విన్నావు?"

"నువ్వే చెప్పు, విందాం," అన్నాడు ఆపరేటరు, కిటికీ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చుంటూ.

మేస్త్రి ఈ ఊరొచ్చి రెండు నెలలే అయింది. అయినా కళ్ళారా చూసినట్టు చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు.

ఒకప్పుడు ఇక్కడ ఏటా పెద్ద పోటీ జరిగేది. గోల్ఫే బతుకుతెరువుగా పెట్టుకున్న ఆటగాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు. దాన్ని మొదలుపెట్టింది ఒక ఫ్యాన్ల కంపెనీ యజమాని. నడవకపోతే గుండె ఆగిపోతుందని డాక్టరు భయపెడితే, నడవడానికని వచ్చి ఆట మీద మోజు పడ్డాడు. ఆట మాత్రం ఆయన మీద మోజు పడలేదు. చెట్టు, గట్టు, ఒకసారి సొంత బావమరిది మోకాలు — బంతి తప్ప అన్నీ కొట్టేవాడు. తనకి రాని విద్య వచ్చినవాళ్ళని చూసైనా కళ్ళు చల్లబరుచుకుందామని పోటీ పెట్టాడు.

మొదటి ఏడాది ముప్ఫై ఒక్క మంది ఆడారు. గెలిచినవాడికి కప్పు, ఓడిన ముప్ఫై మందికీ తలా ఒక టేబుల్ ఫ్యాను. నాలుగో ఏడాది గాలివానకి డేరాలు లేచి చెరువులో పడ్డాయి. అయినా ఆట ఆపలేదు. తొమ్మిదో ఏడాది పై దేశాల వాళ్ళొచ్చారు. పన్నెండో ఏడాది టీవీ వాళ్ళొచ్చారు. ఆ నాలుగు రోజులూ మైదానం పక్కన మేడ ఉన్నవాళ్ళకి లేని చుట్టాలు కూడా పుట్టుకొచ్చేవాళ్ళు.

ఇక లెక్కల గది సంగతి. గోల్ఫ్‌లో ఒక చిత్రమైన పద్ధతుంది. ఏ ఆటగాడి దెబ్బలు వాడు రాసుకోడు. తోటి ఆటగాడు రాస్తాడు. ఏ గుంతలో బంతి వెయ్యడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో, పద్దెనిమిది గుంతలకీ పద్దెనిమిది అంకెలు ఒక అట్టముక్క మీద వేస్తాడు. దాన్నే కార్డంటారు. ఆట కాగానే ఆటగాడు ఆ గదిలోకొచ్చి, కార్డు సరిచూసుకుని, కింద సంతకం పెట్టి ఇవ్వాలి. సంతకం పెట్టకుండా గడప దాటాడా — ఇక బ్రహ్మ దిగొచ్చినా మార్చలేడు. ఆట నుంచి తీసేస్తారు.

మొదటి ఏడాది కంపెనీ గుమాస్తాలు కూడికల్లో తప్పులు చేసి యజమాని పరువు తీశారు. రెండో ఏడాది నుంచి ఆయన పక్క బడిలో లెక్కల టీచరమ్మని పిలిచి కూర్చోబెట్టాడు. ఆవిడ ప్రతి కార్డూ పైకి చదివి కూడేది. కూడిక కాగానే సంతకం పెట్టాల్సిన చోటు పక్కన, బల్ల మీద, చూపుడువేలితో రెండుసార్లు తట్టేది. టక్ టక్. "ఇక్కడ." ఎంత గొప్ప ఆటగాడైనా ఆ టక్ టక్ వింటేనే పెన్సిలు అందుకునేవాడు.

"ఇరవై మూడో ఏడాదన్నా," అన్నాడు మేస్త్రి. "ఈ మైదానంలోనే బ్యాగులు మోసిన కుర్రాడు, ఆడి ఆడి పెద్ద ఆటగాడయ్యాడు. బుడంకాయ్ అనేవాళ్ళట. ఆఖరి రోజు చూడాలి — వీరవిహారమే! ఒక్క దెబ్బ తేడాతో అందరినీ కొట్టేశాడు. మనిషి ఆరడుగులట. ఎర్రగా, సినిమా హీరోలా..."

ఆపరేటరుకి టీ పొలమారింది.

"ఆరడుగులవాణ్ణి బుడంకాయ్ అనడమేంటి?" అన్నాడు వెల్డరు.

"వెటకారానికి అంటారు. నువ్వు మధ్యలో అడ్డురాకు. ఆ కుర్రాడు గదిలోకొచ్చాడు. కార్డిచ్చాడు. టీచరమ్మ కూడింది. అరవై ఏడు! కుర్రాడు బయటికొచ్చాడు. జనం భుజాల మీదికెత్తేశారు. చప్పట్లు... అన్నా, వానలా చప్పట్లు! కుర్రాడు టోపీ ఎత్తి అందరికీ చూపిస్తున్నాడు. అప్పుడు మైకులో చెప్పారు. కార్డు మీద సంతకం లేదు... పోటీలోంచి తీసేశామని."

వెల్డరు గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"చప్పట్లు సగంలో తెగిపోయాయట. ఎత్తిన చేతులు ఎత్తినట్టే... ఆ రాత్రే ఆ కుర్రాడు పదిహేడో గుంత పక్క చెరువులో దూకేశాడు. తెల్లారి గట్టు మీద బూట్లు దొరికాయి. అంతే. జనం కుర్చీలన్నీ చెరువులో విసిరారు. మరుసటి ఏడాది గేటు దగ్గర 'పోటీ వాయిదా' అని బోర్డు పెట్టారు. ఆ వాయిదా ఇప్పటికీ వాయిదాయే. యజమాని పోయాడు. కొడుకులు, మనకి ఫ్యాన్లు చాల్లే అనేశారు. ఇరవై మూడేళ్ళ పోటీ, ఒక్క సంతకంతో పోయింది. ఆ కుర్రాడే... రోజూ రాత్రి వచ్చి తన కార్డు లెక్క చూసుకుంటాడు. సంతకం పెడదామంటే చేతికి పెన్సిలు అందదు."

"శవం దొరికిందా?" అన్నాడు ఆపరేటరు.

"దొరకలేదు. మొన్న చెరువు ఎండగడితే నాలుగు బస్తాల బంతులు, తుప్పు పట్టిన గోల్ఫ్ కర్రలు దొరికాయి. మనిషి ఎముక ఒక్కటి లేదు. దెయ్యమై తిరుగుతుంటే ఎముకలెందుకుంటాయన్నా?"

ఆపరేటరు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. లేచి, గ్లాసు కడిగి బోర్లించి, "ఆరింటికి బండి స్టార్ట్ చేస్తాను," అని బయటికి నడిచాడు.

ఆ చచ్చిపోయినవాడు అతనే మరి!

ఎవడి చావు కథ వాడే టీ తాగుతూ వినే యోగం ఎంతమందికి దొరుకుతుంది? ఇంకో రోజైతే కడుపు పట్టుకుని నవ్వేవాడేమో. ఆ రాత్రి అతను దూకింది నీళ్ళలోకి కాదు. కర్రలు, బ్యాగు, టోపీ నీళ్ళలోకి విసిరేశాడు. బూట్లు విప్పి గట్టు మీద పెట్టాడు. ఒట్టి కాళ్ళతో బస్టాండుకి నడిచి, ముందు కదిలిన బస్సు ఎక్కాడు. నా అన్నవాళ్ళు లేరు, బ్యాగులు మోసేవాళ్ళ పాకే ఇల్లుగా పెరిగినవాడు. ఎక్కడున్నావని అడిగేవాళ్ళూ లేరు, చెప్పాల్సిన పనీ లేదనుకున్నాడు. యంత్రాలు తుడిచే పనిలో చేరి, వాటిని నడపడం నేర్చుకున్నాడు.

ఈ ఇరవై ఒక్క ఏళ్ళలో గోల్ఫ్ కర్ర ముట్టుకోలేదు. కానీ ఎక్కడ పడుకున్నా — షెడ్డులో, లారీ వెనక, అద్దె గదిలో — కళ్ళు మూసుకోగానే ఆ పద్దెనిమిది అంకెలు వచ్చేవి. పెదవులు కదపకుండా చదువుకునేవాడు. కూడిక దగ్గర ఆగేవాడు. మళ్ళీ మొదటి నుంచి... ఆ గదిని తన చేత్తో నేలమట్టం చేస్తే తప్ప ఈ జన్మకి నిద్ర పట్టదని తేల్చుకున్నాడు. అందుకే అడిగి మరీ వచ్చాడు. అతను ఈ ఊరు తిరిగొచ్చింది ఆ ఒక్క పనికే.

బండి క్యాబిన్లో కాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. ఎనిమిదిన్నర కూడా కాలేదు. ఇటు దొర్లాడు, అటు దొర్లాడు. లేచి దిగాడు. నాలుగడుగులు వేసి వెనక్కొచ్చాడు. మళ్ళీ దిగాడు. ఎటు పోతున్నావని ఎవరైనా అడిగితే చెప్పలేడు గానీ, కాళ్ళకి మాత్రం దారి తెలుసు.

పచ్చిక పోయి మట్టి మిగిలినా, కాళ్ళ కింద నేల గుర్తుపడుతూనే ఉంది. ఇది పదో గుంత ఎత్తు. ఇక్కడ ఇసక ఉండేది. ఇది పదిహేడు... చెరువు ఎండిపోయి నోరు తెరుచుకుని ఉంది. దాని పక్కన ఆగకుండా గబగబా నడిచాడు.

ఎదురుగా... లెక్కల గది.

చీకట్లో అది ఇంకా చిన్నగా కనిపించింది. తలుపూ, కిటికీ మూసి ఉన్నాయి. గాలి లేదు. దూరంగా రోడ్డు మీద ఒక లారీ పోయిన చప్పుడు వచ్చి ఆగిపోయింది.

"ఏముంది ఇందులో," అనుకున్నాడు. "బుడంకాయ్ దెయ్యమేగా. ఆ బుడంకాయ్‌ని నేనే."

అప్పుడు వినబడింది.

"నాలుగు..."

ఎత్తిన అడుగు దించకుండా ఆగాడు.

"నాలుగు... మూడు... నాలుగు... అయిదు..."

సన్నటి గొంతు. ఆడో మగో తెలియడం లేదు. కర్ర చెక్క మీద గీకినట్టుంది. వద్దనుకుంటూనే అతని లోపల తర్వాతి అంకె పలికింది — మూడు.

"మూడు..." అంది గొంతు.

నాలుగు, అనుకున్నాడు.

"నాలుగు..."

మూడు. నాలుగు.

"మూడు... నాలుగు... మొదటి సగం ముప్ఫై నాలుగు."

అది అతని కార్డే. ఒక్క అంకె కూడా తేడా లేదు. దెయ్యం కథలన్నీ ఉత్తివే అనుకోవడానికి అతనికి ఇప్పటిదాకా ఒక మంచి ఆధారం ఉండేది — తను బతికే ఉన్నాడు. తను బతికుంటే... లోపల లెక్క పెడుతున్నదెవరు?

ఒక పాడు ఆలోచన వచ్చింది. ఒకవేళ ఆ రాత్రి... నిజంగానే... బస్టాండుకి వెళ్ళింది తను కాదేమో. ఈ ఇరవై ఒక్క ఏళ్ళూ, ఆ షెడ్లూ, ఆ బండ్లూ, ఎవరూ పేరు పెట్టి పిలవకపోవడం... చెయ్యి గట్టిగా గిల్లుకున్నాడు. నొప్పి పుట్టింది. దెయ్యాలకి నొప్పి పుట్టదని ఎవరు చెప్పారు?

"...పదిహేడు — రెండు. పద్దెనిమిది — నాలుగు. మొత్తం..."

"అరవై ఏడు," అన్నాడు అతను. పైకే అనేశాడు.

లోపల గొంతు ఆగిపోయింది.

పారిపోదామనే అనుకున్నాడు. కానీ ఒకసారి పారిపోయి చూశాడు కదా, ఒరిగిందేం లేదు. తలుపు మీద చెయ్యి వేశాడు. అది కిర్రుమంటూ తెరుచుకుంది.

బల్ల మీద ఒక టార్చిలైటు వెలుగుతోంది. దాని వెనక శాలువా కప్పుకున్న ముసలావిడ. కళ్ళద్దాలు. తెల్లటి జుట్టు. ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూస్తున్నదల్లా తలెత్తింది.

"వచ్చావా?" అంది.

ఆశ్చర్యంగా కాదు. ఆలస్యంగా బడికొచ్చిన పిల్లవాణ్ణి అడిగినట్టు. టార్చి తీసుకుని ముందు అతని పాదాల మీద వేసింది. అదే సమయంలో అతను కూడా బల్ల కిందకి వంగి ఆవిడ పాదాలు చూశాడు.

ఇద్దరివీ ముందుకే ఉన్నాయి.

"తిన్నగానే ఉన్నాయే..." అంది ఆవిడ మెల్లగా.

"టీచరమ్మా..." అన్నాడు. "నేను చచ్చిపోలేదు."

టార్చి వెలుతురు పాదాల మీంచి బొజ్జ మీదికి, గడ్డం మీదికి, కళ్ళ మీదికి ఎక్కింది. అక్కడ ఆగింది. ఏడో తరగతిలో తన క్లాసుకి మోకాళ్ళ నిండా గడ్డి మరకలతో వచ్చి, పదిహేనో ఎక్కం దగ్గర తడబడిన కళ్ళు అవి. ఆవిడ లేచి, బల్ల చుట్టూ వచ్చి, అతని భుజం మీద ఒక్క దెబ్బ వేసింది. ముసలి చెయ్యే గానీ చుర్రుమంది.

"బతికుండి... ఒక్క ఉత్తరం ముక్క రాయలేకపోయావురా? ఆ చెరువులో రెండు రోజులు వలలు వేశారు. రెండు రోజులూ నేను గట్టు మీదే కూర్చున్నాను, తెలుసా? నిన్ను నేనే చంపాననుకుని బతుకుతున్నానురా ఇన్నేళ్ళూ!"

అతనికి దుఃఖం పొంగుకొచ్చింది. ఆ రోజు మైకులో చెప్పాక, గదిలోకి దూసుకొచ్చి ఈ మనిషి మొహం మీదే అరిచాడు. 'మీరైనా చెప్పొచ్చుగా టీచరమ్మా!' అని. ఆ మాటకి జవాబు రాలేదన్న కసితోనే ఇన్నేళ్ళూ ఈ గదిని కూల్చాలనుకున్నాడు.

"నేను తట్టలేదురా ఆ రోజు," అంది ఆవిడ కూర్చుంటూ. "ఇరవై రెండేళ్ళలో ఎవరికీ మర్చిపోలేదు. కూడిక పూర్తయింది... అరవై ఏడు అని చూశాను... నా క్లాసులో పిల్లాడు గెలిచాడని లేచి నిలబడ్డాను. లేచి నీ తల రెండు చేతులతో పట్టుకున్నాను, గుర్తుందా? అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. ఆ సంతోషంలో సంతకం చూడలేదు. ఏమని జవాబు చెప్పమంటావు? సంతోషపడ్డానురా, తప్పయిపోయింది అని చెప్పనా?"

అతను కుర్చీలో కూలబడ్డాడు. తన తల మీద ఆ రెండు చేతులు... అది మాత్రం అతనికి ఇన్నేళ్ళలో ఒక్కసారి గుర్తు రాలేదు. అంకెలన్నీ గుర్తుపెట్టుకుని, ఆ ఒక్కటీ ఎలా వదిలేశాడో!

"సంతకం నాది టీచరమ్మా," అన్నాడు. "పెట్టాల్సింది నేను. మీ మీద పడి ఏడ్చాను గానీ... మీది కాదు తప్పు."

ఆవిడ శాలువా కొసతో కళ్ళద్దాలు తుడుచుకుంది. చేతిసంచిలోంచి ఒక పాత కవరు, అందులోంచి పసుపుపచ్చబడ్డ అట్టముక్క తీసింది. ఎవరికీ అక్కర్లేని కాగితమని ఆ రోజు బల్ల మీదే వదిలేస్తే, ఆవిడ దాచుకుంది. పద్దెనిమిది గళ్ళు, పద్దెనిమిది అంకెలు. కింద ఒక ఖాళీ గీత.

"ఇప్పుడు పెడితే లెక్కలోకి రాదు," అంది.

"తెలుసు."

"కప్పు లేదు. పోటీ లేదు. పొద్దున్నకి ఈ గది కూడా ఉండదు."

"కూల్చేది నేనే."

ఆవిడ అతని వంక చూసి, చిన్న పెన్సిలు ముక్క బల్ల మీద పెట్టింది. గీత పక్కన చూపుడువేలు ఆనించింది.

టక్. టక్.

"ఇక్కడ."

లివర్లు లాగి లాగి మొద్దుబారిన వేళ్ళు. పెన్సిలు జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. పాత సంతకం ఎలా ఉండేదో గుర్తు రాలేదు. అందుకని ఎవరూ పిలవని తన అసలు పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం పూర్తిగా రాశాడు. ఆవిడ కార్డు అందుకుని, పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చూసుకుని, "సరిపోయింది," అంది.

గుండెల మీంచి ఏదో దిగిపోయింది. ఇద్దరికీ. కాసేపు అలాగే కూర్చున్నారు, రైలు దాటిపోయాక ప్లాట్‌ఫాం మీద మిగిలినవాళ్ళలా.

అతనే నవ్వాడు ముందు. "భలే భయపెట్టారు టీచరమ్మా ఊరందరినీ. ఇరవై ఒక్క ఏళ్ళు! రోజూ రాత్రి ఇంత దూరం వచ్చి లెక్క పెట్టకపోతే, ఇంట్లో కూర్చుని పెట్టుకోవచ్చు కదా?"

ఆవిడ కార్డు కవర్లో పెడుతున్నదల్లా ఆగింది.

"నేనా? రోజూనా?"

"మీరే కదా..."

"నేను ఆ రోజు తర్వాత ఈ గడప తొక్కడం ఇవాళేరా. రేపు కూలుస్తారని విని, ఒక్కసారి చూసిపోదామని వచ్చాను. గేటు దగ్గర మా అల్లుడు కార్లో కూర్చున్నాడు. లోపలికి తోడు రమ్మంటే దెయ్యం ఉంది, నేను రానన్నాడు."

అతని నవ్వు మొహం మీదే ఉండిపోయింది.

"లెక్క అయితే రోజూ పెడతాను," అంది ఆవిడ నెమ్మదిగా. "మంచం మీద పడుకుని. మనసులో. పైకి ఒక్క మాట అనను. పక్కన పడుకునే మనవరాలికి కూడా తెలీదు."

"నేనూ అంతే," అన్నాడు అతను. "మనసులోనే. ఎక్కడెక్కడో..."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత, ఎందుకో, ఇద్దరూ తాము కూర్చున్న కుర్చీల వైపు చూశారు. బల్లకి అటొకటి, ఇటొకటి. దేని మీదా దుమ్ము లేదు.

"మరి ఇక్కడ..." అన్నాడు. మాట పూర్తి చెయ్యలేదు. లెక్కల టీచరుకి పూర్తి చెయ్యక్కర్లేదు.

ఆవిడ టార్చి ఆర్పలేదు గానీ, గట్టిగా పట్టుకుంది. "పద, గేటు దాకా దిగబెట్టు," అంది గుసగుసగా.

అతను లేవబోయాడు.

టప్.

పైన రేకుల దగ్గరెక్కడో. ఒక్కటే. కాసేపాగి ఇంకొకటి. ఆ తర్వాత రెండు మూడు కలిసి... పలచగా, ఒక పక్కన మొదలై, గది చుట్టూ పాకుతూ, క్షణాల్లో అన్ని వైపుల నుంచీ అందుకుంది.

"వాన," అంది ఆవిడ. "గొడుగు తేలేదురా."

"చూస్తానుండండి."

తలుపు తీసి గడప దగ్గర నిలబడ్డాడు. ఎదురుగా చీకటి. పద్దెనిమిదో గుంత ఉండాల్సిన చోట చెక్కేసిన మట్టి, దాని చుట్టూ అర్ధచంద్రంలా లేచిన గట్టు — ఆ రోజు జనం నిలబడిన గట్టు. చప్పుడు పెరుగుతోంది. ఇరవై ఒక్క ఏళ్ళ కింద సగంలో తెగిపోయిన చోటి నుంచే మళ్ళీ అందుకున్నట్టుంది. అతను చెయ్యి గడప బయటికి చాపి, అరచెయ్యి పైకి తిప్పి పట్టుకున్నాడు.

"పెద్దదేనా?" అని వెనక నుంచి అడిగింది ఆవిడ.

ఒక్క చుక్క పడలేదు. ఆకాశం నిండా నక్షత్రాలు. చాపిన అరచెయ్యి పొడిగానే ఉంది... చప్పుడు మాత్రం ఆగడం లేదు.

ఆ చెయ్యి దానంతటదే పైకి లేచింది. నుదుటి దగ్గర ఆగి, చెరువులో ఎప్పుడో విసిరేసిన, ఇప్పుడు లేని టోపీని మెల్లగా తల మీంచి ఎత్తి, గట్టు వైపు చూపించింది.